బిస్కెట్ వద్దన్న నీలూఫర్

2023 చివరి నెలలు. మలేసియాలోని మా ఊరు క్లాంగ్‌లో రోజూ మధ్యాహ్నం దాటగానే వాన పట్టుకునేది. మా సెంటర్ లిటిల్ ఇండియాకి రెండు సందుల అవతల, ఒక చీరల కొట్టు పైన మొదటి అంతస్తులో ఉంటుంది. కింద కొట్టువాళ్లు తలుపు తీస్తూనే తమిళ పాటలు పెడతారు. పిల్లల మాటలు రికార్డు చేసే రోజుల్లో నేను కిందికి దిగి, పాట కాస్త తగ్గించమని అడిగి, వాళ్లు చూపించే కొత్త చీరలు రెండు మెచ్చుకుని పైకి రావాలి. నా ఉద్యోగంలో అదీ ఒక భాగమే.

నా ఉద్యోగం పేరు స్పీచ్ లాంగ్వేజ్ థెరపిస్ట్. మాట ఆలస్యమైన పిల్లల్ని, మాట వచ్చినా తడబడే పిల్లల్ని చూసి, లోపం ఉందో లేదో తేల్చి, ఉంటే సాయం చేయడం నా పని. మా అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకి "నోరు బాగుచేసే డాక్టరు" అని చెబుతుంది. నేను డాక్టర్ని కాదు. చాలాసార్లు చెప్పి చూశాను. అమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు.

మా దగ్గరికి వచ్చే పిల్లలు తమిళం, మలయ్, చైనీస్, ఇంగ్లీషు, ఒక్కోసారి నాలుగూ కలిపి మాట్లాడతారు. ఆ కలగాపులగం నాకు అలవాటే. పర్షియన్ మాట్లాడే పాప రావడం మాత్రం అదే మొదటిసారి.

పాప పేరు నీలూఫర్. నాలుగేళ్లు నిండాయి. గుండ్రటి మొహం, నుదుటి మీద కత్తిరించిన జుట్టు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా గదంతా చుట్టివచ్చే కళ్లు. నాన్న పేరు అలీరెజా, పక్క ఊరు షా ఆలమ్‌లోని ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆ ఉద్యోగం కోసమే వాళ్లు ఇరాన్‌లోని షిరాజ్ నుంచి వచ్చారు. అమ్మ పేరు మహ్‌నాజ్. మొదటి రోజు మాట్లాడిందంతా ఆయనే, చక్కటి ఇంగ్లీషులో.

"కిండర్‌గార్టెన్‌లో పాప మాట్లాడడం లేదు. ఏం కావాలని అడిగినా తల తిప్పుకుంటుందట. ఇంట్లో రెండు భాషలు కలిసి తికమక పడుతోందని టీచర్ అన్నారు. ఇకనుంచి ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. మా ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేర్చుకునేదాకా పాపతో మాట్లాడడం కాస్త తగ్గిస్తుంది."

ఆయన కఠినుడేం కాదు. ఆ మాటలంటున్నప్పుడు భార్య వైపు చూడలేకపోయాడు. మహ్‌నాజ్ అప్పటిదాకా కూతురి జడ విప్పి మళ్లీ అల్లుతూ ఉంది. అల్లిక ఆపి, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ అడిగింది.

"నా ఫార్సీ వల్లే పాపకి జబ్బు చేసిందా?"

ఫార్సీ అంటే వాళ్ల పర్షియనే, వాళ్లు పిలుచుకునే పేరు. అది జబ్బు కాదని, పరీక్ష చేయకుండా ఏమీ చెప్పలేనని అన్నాను. ఆమె తలూపింది.

"సరే, మీరే చెప్పండి. మానేయమంటే మానేస్తాను."

అంత తేలిగ్గా అనేసింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలి.

మా అమ్మ ఇక్కడికి ఉత్తరాన, తెలుగువాళ్లుండే బాగన్ దాతుక్ కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టి పెరిగింది. మా తమ్ముడికి మాట ఆలస్యంగా వచ్చింది. అప్పట్లో బడిలో ఎవరో ఇలాగే, ఇంట్లో తెలుగు ఆపేయండి, పిల్లవాడు తేరుకుంటాడు అన్నారు. అమ్మ నమ్మింది. వాడితో తెలుగు మానేసింది. ఆమెకు వేరే భాష సరిగా రాదు కాబట్టి వాడితో మాట్లాడడమే మానేసినట్టయింది. తమ్ముడు ఇప్పుడు పెనాంగ్‌లో బ్యాంకులో పనిచేస్తున్నాడు, నాలుగు భాషలు గలగలా మాట్లాడతాడు. అమ్మకు ఫోన్ చేస్తే మాత్రం ఇద్దరి మధ్యా "తిన్నావా", "తిన్నాను", "వానా", "వానే". అక్కడితో సరి. ఫోన్ పెట్టేశాక అమ్మ కాసేపు దాన్ని ఒళ్లోనే ఉంచుకుంటుంది.

అందుకే ఈ పరీక్ష జాగ్రత్తగా చేయాలనుకున్నాను. చిక్కేమిటంటే, మా అల్మారాలో ఉన్న టెస్ట్ కిట్లన్నీ ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం తయారైనవి. వాటిని పర్షియన్‌లోకి మార్చి అడిగేస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. ఒక భాషలో పిల్లలకు తొందరగా వచ్చేది ఇంకో భాషలో ఆలస్యంగా రావచ్చు, అసలు లేకపోనూ వచ్చు. నీలూఫర్ మగపిల్లల్ని కూడా "షీ" అంటోందని కిండర్‌గార్టెన్ నుంచి ఫిర్యాదు ఉంది. పర్షియన్‌లో ఆడ, మగ ఇద్దరికీ ఒకటే మాట. పాపం, ఆ పిల్లకి వాళ్లిద్దర్నీ వేరుచేయాల్సిన అవసరం ఇంతవరకు ఎవరూ కల్పించలేదు. చదువుతూ పోతే ఇంకోటి తెలిసింది, వాళ్ల వాక్యంలో క్రియ మనకు లాగే చివరికి వస్తుంది. ఎక్కడి షిరాజ్, ఎక్కడి బాగన్ దాతుక్. ఊరికే సంతోషమేసింది.

ఒక దుబాసీ కావాలి. తల్లిని ఆ పనికి పెట్టకూడదు, ఏ తల్లయినా బిడ్డ అన్నదానికి ఒక మాట కలుపుతుంది. వెతగ్గా పరీసా దొరికింది. కౌలాలంపూర్‌లో భాషాశాస్త్రం చదువుతున్న ఇరానీ అమ్మాయి. కమ్యూటర్ రైల్లో క్లాంగ్ వచ్చి, స్టేషన్ నుంచి వానలో నడిచి, నవ్వుతూ మెట్లెక్కింది. పాప ఏమంటే అది ఉన్నదున్నట్టు చెప్పాలని, దిద్దొద్దని, అందించొద్దని చెప్పాను. బుద్ధిగా తలూపింది.

మొదట రిసెప్టివ్ లాంగ్వేజ్ చూస్తాం. అంటే పిల్లలు ఎంత అర్థం చేసుకుంటున్నారన్నది. బొమ్మలు పరిచి, "పెద్ద బంతి కింద ఉన్న పిల్లిని చూపించు" లాంటివి పరీసా చేత పర్షియన్‌లో అడిగించాను. నీలూఫర్ తడుముకోకుండా చూపించింది. చెవికి, బుర్రకి లోటు లేదని తేలిపోయింది.

తర్వాత ఎక్స్‌ప్రెసివ్ లాంగ్వేజ్, అంటే నోటి నుంచి బయటికి వచ్చేది. మాట్లాడు అంటే ఏ పిల్లా మాట్లాడదు కదా, దానికి మాకొక ఉపాయం ఉంది. కమ్యూనికేషన్ టెంప్టేషన్ అంటాం. ఊరించడం అనుకోండి. మూత బిగించిన డబ్బాలో బిస్కెట్లు పెడతాం, కీ ఇస్తే గెంతే కప్పబొమ్మను కాస్త దూరంగా ఉంచుతాం. కావాలా అని ఒకసారి అడిగి నోరు మూసుకుంటాం. బలవంతపెట్టకూడదు, పదేపదే అడగకూడదు. ఆశ పుట్టాక మాట దానంతటదే వస్తుంది. ఇన్నేళ్లలో ఆ కప్ప నన్నెప్పుడూ మోసం చేయలేదు.

నీలూఫర్ బిస్కెట్ డబ్బాను చూసింది. నన్ను చూసింది. కళ్లు దించుకుని "నా, మెర్సీ" అంది. వద్దండీ, థ్యాంక్స్ అని.

కప్పను గెంతించాను. కుర్చీ కింద ఆమె కాలివేళ్లు కప్పతోపాటు గెంతాయి. కావాలా అని అడిగించాను. "నా, మెర్సీ." బుడగల సీసా, అదే జవాబు. రంగు పెన్సిళ్లు, అదే. బొమ్మ చూపించి కథ చెప్పమంటే తల అడ్డంగా ఊపి చేతులు ఒళ్లో పెట్టుకుంది. లాంగ్వేజ్ శాంపిల్, అంటే విడదీసి చూడడానికి మాకు కావలసిన మాటల నమూనా, ఆ పూటంతా కూర్చున్నా దొరకలేదు. రికార్డర్‌లో పడ్డవి ఆ రెండు మాటలు, కింది కొట్టు వాళ్ల పాట.

నాకు దిగులు మొదలైంది. అర్థం చేసుకోవడం బాగుండి, బయటికి మాట రాకపోవడం అనే లోపం నిజంగా ఉంది. రిపోర్టు ఎలా రాయాలా అని ఆలోచిస్తూ మహ్‌నాజ్ వైపు చూశాను. ఆమె మొహం వెలిగిపోతోంది. పరీసాను చూస్తే ఆమె కూడా మురిపెంగా చూస్తోంది. కూతురు పరీక్ష తప్పుతుంటే ఈ తల్లికి ఇంత సంబరమేమిటని నాకు చిరాకేసింది కూడా.

సరే, ఈ రోజుకి చాలన్నాను. మహ్‌నాజ్ వెంటనే సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసింది. బియ్యప్పిండితో చేసిన తెల్లటి బిస్కెట్లు, పైన గసగసాలు, గదంతా ఏలకుల వాసన. బియ్యప్పిండి, ఏలకులు కింద లిటిల్ ఇండియాలోనే కొన్నదట. తీసుకోమని డబ్బా చాచింది. క్లయింట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని మా సెంటర్ రూలు. "వద్దండీ, థ్యాంక్స్" అన్నాను.

ఆమె మళ్లీ చాచింది. మళ్లీ వద్దన్నాను. పరీసా కూడా కలిసి తీసుకోమంది. చెయ్యి అడ్డం పెట్టి, కడుపు నిండా ఉందని అబద్ధమాడాను.

అప్పుడు నీలూఫర్ కుర్చీ దిగింది. తల్లి చేతిలోంచి డబ్బా తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, నా ముందు నిలబడి మొదలుపెట్టింది. ఆగకుండా, గుక్క తిప్పుకోకుండా, కనుబొమలు ఎగరేస్తూ, బతిమాలుతూ, మధ్యలో కొంచెం కోప్పడుతూ. రికార్డర్ ఇంకా ఆపలేదని గుర్తొచ్చి, దాన్ని మెల్లగా ఆమె వైపు జరిపాను.

"ఏమంటోంది?" అని పరీసాను అడిగాను.

పరీసా నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "దేవుడి మీద ఒట్టు, ఒక్కటి తినండి, మా అమ్మ పొద్దున్నే లేచి చేసింది, మీరు తినకపోతే మా అమ్మ బాధపడుతుంది, అమ్మ బాధపడితే నేను ఏడుస్తాను, ఇది చిన్నదే, ఇదిగో ఇది ఇంకా చిన్నది, అంటోంది."

నాలుగేళ్ల పిల్ల. "అయితే" ఉంది, "కాబట్టి" ఉంది, బెదిరింపు ఉంది, బేరం కూడా ఉంది. ఆ పూటంతా నేను వలేసి కూర్చున్న వాక్యాలన్నీ వరసకట్టి వచ్చేశాయి. రూలు అక్కడితో ఓడిపోయింది. ఆ చిన్న బిస్కెట్ తీసుకుని నోట్లో వేసుకున్నాను. వేసుకోగానే కరిగిపోయింది. నీలూఫర్ తల్లి వైపు తిరిగి, పని అయిందన్నట్టు చూసింది.

అప్పుడు అడిగాను, ఇంత మాట్లాడే పిల్ల ఇప్పటిదాకా ఎందుకు మాట్లాడలేదని. ఆడవాళ్లిద్దరూ నేనేదో వింత ప్రశ్న అడిగినట్టు చూశారు. మహ్‌నాజ్ చెప్పింది, పరీసా ఇంగ్లీషులో అందించింది.

"ఎందుకు మాట్లాడలేదు? ఎంత చక్కగా వద్దందో చూశారుగా. బయలుదేరేముందే చెప్పాను, ఇక్కడి టీచర్‌గారి దగ్గర ఏదిచ్చినా ఎగబడి తీసుకోకు, వాళ్లు గట్టిగా అడిగేదాకా ఆగు అని. కానీ మీరు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. ఇష్టం లేకుండా అడిగారేమో అనుకున్నాం."

వాళ్ల దగ్గర దీనికి తారోఫ్ అని పేరుందట. అతిథి మొదట వద్దనాలి, ఇంటివాళ్లు బతిమాలాలి, అతిథి మళ్లీ వద్దనాలి, ఇంటివాళ్లు ఇంకా బతిమాలాలి. ఆ తర్వాతే తీసుకోవడం. నలుగురిలో మెలగడానికి పిల్లలకు మొదట నేర్పేది అదేనట. పరీసా అయితే భాషాశాస్త్రం చదువుతున్నా, ఆ పాప చేస్తున్నది తనకు ఎంత మామూలుగా అనిపించిందంటే నాకు చెప్పాలన్న ఆలోచనే రాలేదట. నా వృత్తి ఒకసారి అడిగి ఆగమంది. వాళ్ల మర్యాద బతిమాలేదాకా ఆగమంది. ఇద్దరం మర్యాదస్తులమే, ఒకరి కోసం ఒకరం ఆగుతూ కూర్చున్నాం. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఏమర్థమైందో, నీలూఫర్ కూడా నవ్వింది.

ఇంటికొచ్చి, పేర్లు చెప్పకుండా అమ్మకు ఈ సంగతి చెప్పాను. అమ్మ కందిపప్పు కడుగుతోంది.

"ఏటే, ఆ పిల్లని ఒక్కపాలే అడిగినావా?"

"రెండోపాలి అడక్కూడదమ్మా. రూలు."

"ఏటి రూలు లా. మనూరోల్లు ఎవులైనా ఒక్కపాలి అడగ్గానే తినీసినారా? ఆ రూలు రాసినోడికి అమ్మ నేదేటి?"

ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించినా, అమ్మ అన్నది నిజమే. మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ కంచం పట్టుకుని వెంటపడుతుంది. వాళ్లు బయట చెప్పులు వేసుకుంటున్నా వెంటపడుతుంది. చిన్నప్పుడు నా స్నేహితుల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది. ఆ అలవాటు ఒకరోజు నా క్లినిక్‌లో పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

రెండో సెషన్‌కి నా పద్ధతి మార్చేశాను. కప్పబొమ్మ కావాలా అని అడిగాను. "నా, మెర్సీ." అచ్చం మా అమ్మలా మొదలుపెట్టాను, ఊరికే అనకు, నీకోసమే తెచ్చాను, కాస్త పట్టుకుని చూడు, కప్ప పొద్దుటి నుంచి నీకోసం చూస్తోంది. పరీసా దాన్ని ఇంకా తీపి చేసి పర్షియన్‌లో పెట్టింది. ఇంకోసారి బతిమాలేసరికి నీలూఫర్ పెద్ద మనసు చేసుకుని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కప్పను వదిలితే ఒట్టు. దానికి పేరు పెట్టింది, అది షిరాజ్‌లో తమ అమ్మమ్మ తోట నుంచి వచ్చిందంది, తడిసిపోయింది కాబట్టి తువ్వాలు కావాలంది.

తర్వాత బొమ్మ టీ సెట్ ఇచ్చి ఆమెను ఇంటావిణ్ణి చేశాను. నేను అతిథిని. ఆమె టీ పోసింది, నేను వద్దన్నాను. అంతే, ఇక చూసుకోండి. నేనెంత బెట్టు చేస్తే ఆమె వాక్యాలు అంత పొడవయ్యాయి. రికార్డింగు నుంచి వాక్యాలన్నీ రాసుకుని, పరీసా సాయంతో విడదీసి, ఇరాన్ పిల్లల గురించి అక్కడివాళ్లు రాసినవి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశాను. లోపం లేదు. వయసుకు తగ్గ భాష, నిండుగా ఉంది. ఇంగ్లీషు ఇంకా రాలేదు, అంతే. కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు మౌనంగా విని ఊరుకుంటారు. అది లోపం కాదు, వింటూ నేర్చుకోవడం. దానికి తోడు, బడిలో టీచర్ పాపం ముప్పై మందిలో ఒక్కొక్కరిని ఒకసారే అడిగి ముందుకు పోతుంది.

రిపోర్టు వినిపించడానికి తల్లిదండ్రుల్నిద్దర్నీ పిలిచాను. అలీరెజా వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. మహ్‌నాజ్ ఒళ్లో మళ్లీ అదే డబ్బా, కానీ మూత మీద చేతులు బిగించి ఉన్నాయి.

"పాపకు భాషాలోపం ఏమీ లేదు. ఇంట్లో ఫార్సీ ఆపకండి. ఇంతకుముందుకన్నా ఎక్కువ మాట్లాడండి. దాని మీదే ఇంగ్లీషు కూడా నిలబడుతుంది" అన్నాను.

ఆయన భార్యకు పర్షియన్‌లో చెప్పాడు. ఆమె ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని, కూతుర్ని దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో మొదలుపెట్టింది. అది ఆగలేదు. ఇన్ని వారాల మాటలు లోపల కుక్కి పెట్టుకుందో ఏమో. మేమిద్దరం వాళ్లను వాళ్ల మానాన వదిలేశాం.

తారోఫ్ సంగతి, కప్ప సంగతి ఆయనకు చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కాఫీ తాగలేదు. 'కాఫీ కావాలా' అని అడిగేవాళ్లు. వద్దనేవాణ్ణి. రెండోసారి ఎవరూ అడగలేదు. మనుషులు మంచివాళ్లు కారేమో అనుకున్నాను. మా పాప కూడా బడిలో అలాగే అనుకుని ఉంటుంది."

కిండర్‌గార్టెన్ టీచర్‌కి ఫోన్ చేశాను. ఆమె మంచి మనిషి, వినగానే "అయ్యో, నాకెవరూ చెప్పలేదే" అంది. నీలూఫర్‌ను ఒకటికి రెండుసార్లు అడగమన్నాను. ఇంకో సలహా కూడా ఇచ్చాను, తినుబండారాలు పంచే పని ఆ పాపకే అప్పజెప్పమని. ఆ బడిలో ఇప్పుడు బిస్కెట్ తినకుండా తప్పించుకున్న పిల్ల లేదని తర్వాత విన్నాను.

అప్పటినుంచి ఏ కుటుంబం కొత్తగా వచ్చినా, కప్పను బయటికి తీసే ముందు ఒక మాట అడుగుతున్నాను. మీ ఇంటికి చుట్టాలొస్తే ఎలా అడుగుతారు, వాళ్లు ఎలా ఒప్పుకుంటారు అని. పిల్లలు నా గదిలోకి ఒట్టి నోటితో రారు, వాళ్ల ఇల్లు మొత్తం వెంట తెచ్చుకుంటారు. నా ఎదుట ఆ పిల్ల చుట్టంగా కూర్చుందా, ఇంటిమనిషిగా కూర్చుందా అన్నది ముందు తెలుసుకోవాలి. ఇది నాకు ఏ టెస్ట్ కిట్‌లోనూ దొరకలేదు.

మరుసటి ఏడు వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్ దాటాక రివ్యూకి వచ్చారు. నీలూఫర్ పొడుగైంది. మెట్ల మీదే కింది కొట్టు పాట హమ్ చేస్తూ ఎక్కింది. ఇంగ్లీషు గడగడా మాట్లాడింది, మధ్యలో ఇక్కడి పిల్లల్లా "కెన్ లా", అంటే సరేలే అని కూడా అంది. ఆడ, మగ తేడా కూడా ఎప్పుడో పట్టుకుంది. పని అయిపోయాక రేకు డబ్బా తెరిచి, ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, బిస్కెట్ కావాలా?"

"వద్దమ్మా, థ్యాంక్యూ" అన్నాను, ఎదురుచూస్తూ.

"ఓకే" అని మూత పెట్టేసింది.

ఒక్కసారే అడిగింది. మాలాగే. నా ప్రాణం ఉసూరుమంది. మహ్‌నాజ్ వైపు చూశాను, ఆమె కూడా డబ్బా మూత వైపే చూస్తోంది. మా తమ్ముడి ఫోన్లు గుర్తొచ్చాయి.

వాళ్లు తలుపు దాకా వెళ్లారు. అక్కడ నీలూఫర్ ఆగింది. నా మొహం చూసిందో, వాళ్లమ్మ మొహం చూసిందో. వెనక్కి వచ్చి, మూత తీసి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, పర్షియన్‌లో మొదలుపెట్టింది. దేవుడి మీద ఒట్టుతో మొదలైంది. ఈసారి పరీసా లేదు. నాకు మిగతా ఒక్క మాటా అర్థం కాలేదు, అయినా మొదటిసారికంటే పొడుగ్గా ఉందని తెలిసింది. మహ్‌నాజ్ గుమ్మంలో నిలబడి, కూతురు ఎక్కడైనా ఆగితే అందిద్దామని పెదవులు కదుపుతోంది. పాప ఎక్కడా ఆగలేదు.

"నా, మెర్సీ" అన్నాను.

ఆ పిల్ల కళ్లు మెరిశాయి. ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఇంకోసారి వద్దని, ఆ తర్వాత తీసుకున్నాను. పెద్దదే తీసుకున్నాను.